పళ్ళికూటంలో కట్టిన పిరమిడ్డు

1971వ సంవత్సరం. తమిళనాడులో ధర్మపురి నుంచి కారిమంగళం పోయే దోవలో, మెయిన్ రోడ్డుకి ఆనుకొని ఉన్న ఒక పంచాయతీ యూనియన్ మిడిల్ స్కూల్లో నేను టీచరుగా పనిచేస్తా ఉండినాను. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. అంటే పైవాళ్ళు నా పని చూసి సరే అంటేనే ఉద్యోగం నిలుస్తుంది, లేకుంటే ఇంటికి పోవల్సిందే. ఆరో తరగతికి చరిత్ర, క్రాఫ్టు రెండూ నాకే ఇచ్చినారు.

పాఠాలన్నీ అరవంలో. ఆ ఊళ్ళో సగం ఇండ్లు మా మాదిరి తెలుగు మాట్లాడేవే, తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటా ఉండేవాళ్ళు. పళ్ళికూటంలో, అంటే బళ్ళో అరవం, గడప దాటి లోపలికి పోతే తెలుగు. రాయడం చదవడం మాత్రం చాలామందికి రాదు. నాకు మా నాయన పట్టుబట్టి నేర్పించినాడు కాబట్టి ఈ సంగతి ఈ పొద్దు తెలుగులో రాయగలుగుతున్నాను.

మా ట్రైనింగ్‌లో 'కోరిలేషన్' అని ఒక మాట పదే పదే చెప్పేవాళ్ళు. పాఠాన్ని చేతిపనితో ముడిపెట్టి నేర్పించడం. లెక్కలు చెప్పేటప్పుడు నూలు వడికించడం, భూగోళం చెప్పేటప్పుడు మట్టితో కొండలు చేయించడం, అట్లా. ఆ ఏడు చరిత్ర పుస్తకంలో ఈజిప్టు పాఠం ఒకటిన్నర పేజీ ఉండింది. మసక మసకగా ఒక పిరమిడ్డు బొమ్మ, అంతే. చదివి వినిపించినా పిల్లల మొహాల్లో ఏమీ కదల్లేదు. సరే అని, నైలు నది ఒడ్డున రైతులు నీళ్ళు తోడే యంత్రాన్ని నల్లబల్ల మీద గీసినాను. పొడుగాటి కర్ర, ఒక కొనకి తోలుబొక్కెన, ఇంకో కొనకి బరువు.

"టీచర్, అది ఏతం కదా! మా తాత కాలాన మా బాయి దగ్గర ఉండెనంట!"

ఆ గొంతు రుక్కుది. అసలు పేరు రుక్మిణి. వెంకటప్ప అని, శెనక్కాయలు పండించే రైతు, ఆయనకి ఒక్కతే కూతురు. తల్లి లేదు. నాయనమ్మ నంజమ్మవ్వ పెంచింది. నోరు మూతపడని పిల్ల. ప్రార్థనలో కూడా పక్కపిల్లతో ఏదో ఒకటి చెప్తానే ఉంటుంది. మట్టి చేతికిస్తే మాత్రం కాసేపు ఊరుకుంటుంది. ఆ వేళ్ళకి అంత పనితనం ఉండింది.

ఆ రోజు నుంచి తరగతికి ఈజిప్టు పిచ్చి పట్టింది. వంకలోంచి జిగట మట్టి తెచ్చి నైలు నది, పడవలు, రాగులు విసిరే మాదిరి గోధుమలు విసిరే ఆడవాళ్ళ బొమ్మలు చేసినారు. తుంగని చీల్చి, అడ్డంగా నిలువుగా పేర్చి, బండ కింద అదిమి కాగితం చేయబోయినాము. అది చాప అయింది గానీ కాగితం కాలేదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో రాజుల మొహాలు చేసినాము. మా పక్క ఇండ్లల్లో ఆ గుజ్జుతో బుట్టలు చేసుకుంటారు కాబట్టి అది పిల్లలకి తెలిసిన పనే.

కడాకు మమ్మీలు. చచ్చిపోయినవాళ్ళ ఒళ్ళు చెడిపోకుండా గుడ్డపీలికలు చుట్టి, పేరు రాసి, పెట్టెలో పెట్టి మూసేవాళ్ళని చెప్పినాను. పేరు లేకుంటే ప్రాణం తిరిగొచ్చి ఒంటిని గుర్తుపట్టలేదని వాళ్ళ నమ్మకం. పిల్లలు ఒక్కొక్కరూ జానెడు మట్టిబొమ్మ చేసి, ఇంట్లోంచి తెచ్చుకున్న పాతగుడ్డని పీలికలు చించి, గంజిలో ముంచి చుట్టినారు. బొమ్మ ఎదమీద వాళ్ళ వాళ్ళ పేర్లు బొమ్మల అక్షరాలతో రాసుకున్నారు. రుక్కు తన బొమ్మకి తన మొహమే పెట్టింది. తన పాత పావాడ చించి చుట్టింది. దువ్వెనలో ఊడిన తన వెంట్రుకలు తెచ్చి బొమ్మ తలకి అంటించింది.

"రాజకుమారి జడ టీచర్," అని చూపించింది.

స్కూలు ఆవరణలో ఒక మూల పచ్చి ఇటుకలతో నడుమెత్తు పిరమిడ్డు కట్టి, బొమ్మలన్నీ లోపల పెట్టి, మట్టితో మెత్తి మూసేసినాము. మరుసటి వారం డిప్యూటీ ఇన్స్పెక్టర్ ఇన్స్పెక్షన్‌కి రావల్సి ఉండింది. ఆయన ముందర పిల్లలే దాన్ని తవ్వి, ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి, అదేందో వివరించి చెప్పాలని మా ఏర్పాటు. హెడ్మాస్టర్ షణ్ముగం సారుకి ఆ ఏర్పాటు చాలా నచ్చింది. దినమూ పొద్దున వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకొని పోయేవాడు.

సోమవారం రుక్కు బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. వాళ్ళ పక్కింటి మల్లిగని అడిగితే, "గొంతు నొప్పంట టీచర్," అని కిందికి చూసింది. ఆ పిల్ల అట్లా కిందికి చూడటం నాకు సరిగా అనిపించలేదు.

బుధవారం మధ్యాహ్నం బెల్లు కాగానే నేనే బయలుదేరినాను. వెంకటప్ప ఇంటి తిన్నె మీద ఆడవాళ్ళు గుంపుగా కూర్చోనుండినారు. నన్ను చూడగానే మాటలు ఆగిపోయినాయి. ఎవరూ జరగలేదు. నేనే ఒదిగి ఒదిగి లోపలికి పోయినాను.

రుక్కు చాప మీద గోడకి ఆనుకొని కూర్చోనుండింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదంట. మెడ రెండు పక్కలా వాచి, దవడా మెడా ఒకటైపోయినాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల మాదిరి సన్నటి శబ్దం. నన్ను చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. గాలి మాత్రం వచ్చింది, దాంతోపాటు ఒక చెడ్డ వాసన. లోపల గొంతులో బూడిదరంగు పొర కనిపించింది.

అట్లాంటి గొంతు నేను అంతకు ముందు చూసినాను. దీనికి ముందు కొన్నాళ్ళు టెంపరరీగా పనిచేసిన ఊళ్ళో మా పక్కింటి పాపకి ఇట్లే వచ్చింది. కంఠసర్పి, డిఫ్తీరియా అని చెప్పినారు. ఆ పొర పెరిగి పెరిగి గొంతుని మూసేస్తుంది. ఒక పూట ముందు తెచ్చుంటే అని డాక్టరు అన్న మాట, ఆ తల్లి నేలమీద కూలబడిన తీరు, రెండూ నాకు ఒకేసారి గుర్తొచ్చినాయి.

"అవ్వా, బిడ్డని ఇప్పుడే ధర్మపురి పెద్దాసుపత్రికి తీసుకోని పోవల్ల. ఇది గొంతు మూసుకుపోయే జబ్బు. వెంకటప్పన్న ఏడి?"

నంజమ్మవ్వ లేచి నా ముందరికి వచ్చింది. సన్నటి మనిషి, కండ్లు ఎర్రగా ఉండినాయి.

"నువ్వా చెప్పేది? మూసింది నువ్వే కదా టీచరమ్మా! దాని పావాడ చించి, దాని తలెంటికలు పెట్టి, దాని పేరు రాసి, నోరూ గొంతూ సుట్టి మన్నులో పెట్టినారంట కదా! మల్లిగ అంతా చెప్పింది. ఇప్పుడు చూడు, దానికి నోరు లేస్తుందేమో చూడు!"

మా పక్క ఇట్లాంటిదాన్ని సెయ్వినై అంటారు, అంటే చేతబడి. గిట్టనివాళ్ళ మీద చేయించడానికి మంత్రగాడు అడిగేది సరిగ్గా ఇవే: ఒంటిమీది గుడ్డ, తల వెంట్రుక, పేరు. ఆ అవ్వ చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. అన్నీ జరిగినవే. ఏ ఉద్దేశంతో జరిగినాయో అది ఒక్కటే ఆమెకి తెలియదు.

"అది పాఠం అవ్వా. ఈజిప్టు అని ఒక దేశం..."

"ఏ దేశమైతే నాకేమి? బిడ్డకి ఊపిరి ఆడలేదు!"

వెంకటప్ప పిక్కిలి కొండల పక్కనుంచి పూజారిని పిలుచుకొచ్చేదానికి పోయినాడని తిన్నె మీది ఒకామె చెప్పింది. సాయంత్రానికి వస్తాడంట. చేతబడి కట్టు విప్పేదాకా బిడ్డ ఊరి పొలిమేర దాటకూడదని ఆ పూజారి ముందే చెప్పి పంపించినాడంట. దాటితే ప్రాణం ఉండదంట.

సాయంత్రం దాకా ఈ పిల్ల ఆగుతుందా? ఈల శబ్దం నా చెవుల్లో మోగుతానే ఉండింది. గట్టిగా అరిచి చెప్పాలనిపించింది. పిల్లని ఎత్తుకొని పరుగెత్తాలనిపించింది. ఆ ఆడవాళ్ళని దాటి నాలుగడుగులు కూడా పోలేనని తెలుసు. నేను ఇంకేం చెప్పినా ఆ చెవులకి ఎక్కదని కూడా తెలుసు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించి అన్నది కాదు.

"అవ్వా, ఆ కట్టు ఎట్లా పోతుంది? ఏం చేయల్ల?"

ఆమె నా మొహంలోకి చూసింది. "కట్టినోళ్ళే విప్పల్ల. కత్తి తగలకూడదు. చేత్తోనే విప్పల్ల."

"అయితే కట్టించింది నేను. నేనే విప్పుతాను, నీ కండ్ల ముందర. బిడ్డని బండిలో వేసుకొని నాతో రా. విప్పినాక ఆసుపత్రికి పోదాము. పళ్ళికూటం పొలిమేరకి ఈ పక్కనే కదా ఉండేది."

బడి ఊరికి ఈ చివర, బస్సులూ లారీలూ పోయే రోడ్డు మీదే ఉంది. బడి దాకా రావడమంటే ఆసుపత్రి దోవలో సగం పని అయినట్టే. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

నంజమ్మవ్వ బిడ్డ పక్క చూసింది. రుక్కు మళ్ళీ నోరు తెరిచి గాలికి తన్నుకులాడింది. అవ్వ వెనక్కి తిరిగి, "బండి కట్టండ్రా," అన్నింది.

బండి వెనక ఊరు ఊరే వచ్చింది. కొందరి చేతుల్లో కర్రలు కూడా చూసినాను. గేటు దగ్గర షణ్ముగం సారు పరుగు మాదిరి ఎదురొచ్చినాడు. రేపే ఇన్స్పెక్షన్. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అరవంలో గొంతు తగ్గించి నాతో అన్నాడు:

"ఏమమ్మా ఇది? రేపు ఆయన వస్తాడు. ఇప్పుడు దాన్ని పగలగొడితే నీ ప్రొబేషన్ సంగతేమి, నా సంగతేమి? మూఢనమ్మకానికి స్కూలే తలవంచిందని రాస్తాడు. అది తెలుసా నీకు?"

"తెలుసు సార్. ఒక్కసారి బండిలోకి చూడండి."

ఆయన పోయి చూసినాడు. రుక్కు నాయనమ్మ ఒడిలో కూర్చొని, తల వెనక్కి వాల్చి ఊపిరి లాగుతా ఉండింది. ప్రతి ఊపిరికీ గొంతు కింద గుంట పడతా ఉండింది. పంచె ఎగగట్టుకొని పిరమిడ్డు దగ్గరికి పోయినాడు. మొదటి ఇటుక ఆయనే పీకినాడు.

ఆరో తరగతి పిల్లలంతా వచ్చి ఇటుకలు లాగినారు. లోపల బొమ్మలన్నీ పైపైన చెమ్మ పట్టి, మట్టి అంటుకొని ఒకే మాదిరి ఉండినాయి. ఏది రుక్కుది? ఆ చెమ్మకి పేర్లు కరిగిపోయినాయి. ఒకటి తీసి చూసి, కాదని పక్కన పెట్టి, ఇంకొకటి. వెనక నుంచి ఎవరో, "దాచిపెట్టినారేమో," అన్నారు. గుంపు ఒక అడుగు ముందుకి జరిగింది.

"ఇది టీచర్! జడ ఉంది!" అని మల్లిగ అరిచింది.

బొమ్మని తీసుకొని బండి చక్రం పక్కన నేలమీదే కూర్చున్నాను. పీలిక కొన దొరకలేదు. పైన చెమ్మ ఉన్నా లోపల గంజి ఎండి గుడ్డంతా ఒకటై, చెక్క మాదిరి గట్టిపడింది. గోరు దూరదు. ఎవరో కొడవలి అందించబోతే అవ్వ కసిరింది. నీళ్ళు తెప్పించి తడిపినాను. అయినా లేదు. మళ్ళీ తడిపినాను. పైన బండిలో ఈల శబ్దం ఒక్కోసారి ఆగేది. ఆగినప్పుడల్లా చేతులాపి పైకి చూసి, మళ్ళీ వినిపిస్తే తడపడం మొదలుపెట్టేదాన్ని. ఇంత సేపా, లారీ ఎక్కించుంటే ఈపాటికి ఎంత దూరం పోయుంటాము అని మనసు పీకుతా ఉండింది. నా గోటి కింద నెత్తురు వచ్చింది. అది చూసిందేమో, నంజమ్మవ్వ బిడ్డని మల్లిగ తల్లి ఒడిలోకి మార్చి కిందికి దిగింది.

"ఇట్ల గాదు. నీళ్ళు పిండు, నేను పట్టుకుంటాను," అని నా ఎదురుగ్గా కూర్చున్నింది.

జీవితమంతా శెనక్కాయలు ఒలిచిన వేళ్ళు అవి. ఒక అంచు లేచింది. ఆమె అదిమి పట్టుకుంటే నేను లాగినాను. కాళ్ళు, నడుము, ఎద, ఒక్కొక్క చుట్టే వదిలింది. మెడ దగ్గర ఆమె చేతులు ఆగిపోయినాయి. నా పక్క చూసింది. నేను మెల్లగా మెడ చుట్టూ విప్పినాను. నోటి మీది పీలిక వచ్చేసరికి గుంపంతా ముందుకి వంగింది.

పీలిక ఊడింది. కింద రుక్కు చేసిన మొహం. పండ్లన్నీ కనిపించేటట్టు నోరు తెరిచి నవ్వతా ఉండింది.

నంజమ్మవ్వ ఆ బొమ్మని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇది నా బిడ్డే," అన్నింది. "నవ్వతా ఉంది. ఎవురన్నా ఏడిపించేదానికి చేస్తే ఇట్ల నవ్వుతుందా?" అని ఆ ఆడవాళ్ళ పక్క తిరిగి అడిగింది. వెంట్రుకలు మెల్లగా ఊడదీసి కొంగున ముడేసుకొని లేచి నిలబడింది.

"పదండి. పొలిమేర దాటుదాము."

చింతపండు మూటలతో పోతా ఉన్న లారీని షణ్ముగం సారు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆపినాడు. డ్రైవరు పిల్లని చూసి ఒక్క మాట అడగకుండా తలుపు తెరిచినాడు. దోవ పొడవునా అవ్వ రుక్కు వీపు రాస్తానే ఉండింది. నేను ఊపిరి వింటానే ఉండినాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసి, మమ్మల్ని ఏమీ అడగకుండా నర్సుని కేకేసింది. దీనికి 'యాంటీ టాక్సిన్' అనే మందు ఉంది. గుర్రం నెత్తురులోంచి తీసిన సీరం. జబ్బు వదిలే విషానికి అది విరుగుడు. అది పడుతుందో లేదో చూడడానికి ముందు చర్మం కింద ఒక చుక్క వేసి కాచుకోవల్ల. ఆ కాచుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. గొంతు పూర్తిగా మూసుకుంటే మెడకి రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి వస్తుందని చెప్పి, ఆ సామాన్లు పక్కన తెచ్చి పెట్టుకున్నారు. ఆ కత్తులు చూసి నంజమ్మవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పొద్దు గూకే వేళకి వెంకటప్ప వచ్చినాడు. ఊళ్ళో ఎవరో చెప్తే అట్లే పరుగెత్తి వచ్చినాడు. పూజారి రాలేదు. వార్డు తలుపు దగ్గర నన్ను చూసి ఆగిపోయినాడు. నేను గోడకి ఒదిగి నిలబడినాను.

"అమ్మా, విప్పినారా?" అని తల్లిని అడిగినాడు.

"విప్పినాము నాయనా. నేనూ టీచరమ్మా ఇద్దరమూ విప్పినాము."

అతను గోడవారన కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మందు పట్టింది. కత్తి అవసరం రాలేదు. అట్లని మా భయం ఆ రోజుతో తీరలేదు. ఈ జబ్బు గుండెని కూడా పట్టుకుంటుంది కాబట్టి పిల్లని మంచం మీద నుంచి లేవనివ్వద్దన్నారు. కొన్నాళ్ళకి తాగిన నీళ్ళు ముక్కులోంచి రావడం మొదలయింది. మాట ముక్కుతో వచ్చేది, సగం అర్థం అయ్యేది కాదు. నరాలు తేరుకునే దాకా అట్లే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. తేరుకుంటాయా అని అడిగితే, "చూద్దాం," అన్నింది. ఆ ఒక్క మాటతో నెలలు గడిపినాము.

ఆ వారమే ఆరోగ్యశాఖ నర్సులు ఊరికి వచ్చి పిల్లలందరి గొంతులూ చూసినారు. ఇంకో ఇద్దరికి పొర అప్పుడప్పుడే కడతా ఉండింది. వాళ్ళు తొందరగానే బయటపడినారు. మిగతావాళ్ళకి టీకాలు వేసినారు. టీకా అంటే పారిపోయే ఊళ్ళో నంజమ్మవ్వే ఇంటింటికీ పోయి పిల్లల్ని పట్టుకొచ్చిందని తర్వాత విన్నాను.

ఇన్స్పెక్షన్ సంగతి అడుగుతారేమో. మరుసటి రోజు డిప్యూటీ ఇన్స్పెక్టర్ వచ్చేసరికి పిరమిడ్డు ఉండిన చోట మట్టికుప్ప ఉండింది. నేను ఆసుపత్రిలో ఉండినాను. షణ్ముగం సారు జరిగింది జరిగినట్టు చెప్పినాడంట. ఇన్స్పెక్టరు మట్టికుప్ప ముందర నిలబడి అంతా విని, పిల్లల్ని ఈజిప్టు గురించి అడిగినాడంట. పిల్లలు చెప్పడం ఆపక ఆయన్ని భోజనానికి కూడా లేవనివ్వలేదని సారు నవ్వతా చెప్పినాడు. నా ఉద్యోగం నిలిచింది. దేనివల్ల నిలిచిందో నాకు ఎవరూ చెప్పలేదు.

రుక్కు మళ్ళీ బడికి వచ్చినప్పుడు గొంతు కొంచెం బొంగురుగా ఉండింది. ఆ బొంగురు పూర్తిగా పోలేదు. వాగడం మాత్రం తగ్గలేదు.

ఆ తర్వాత చాలా ఏండ్లు టీచరుగా చేసినాను. కొత్త చేతిపని మొదలుపెట్టే ముందు నలుగురు పిల్లల ఇండ్లకి పోయి, "ఇట్లాంటిది మీ దగ్గర ఏమన్నా ఉందా?" అని పెద్దవాళ్ళని అడగడం నాకు అలవాటయింది. పాఠంలో లేనివి ఎన్నో అట్లా దొరికినాయి. భయపడే మనిషితో వాదానికి దిగకూడదని కూడా అప్పుడే తెలిసింది. ఏం చేస్తే ధైర్యం వస్తుందని ముందు అడగల్ల. వాళ్ళు చెప్పే జవాబులో మనం చేయగలిగింది ఏదో ఒకటి ఉంటుంది. అది చేసేసి, చెయ్యి పట్టుకొని నడవల్ల.

రుక్కుని ఇంటికి పంపించిన రోజు ఆసుపత్రి మెట్ల మీద నంజమ్మవ్వ నన్ను పక్కకి పిలిచింది.

"టీచరమ్మా, బిడ్డ సూదికి బతికిందో, విప్పితే బతికిందో నాకు తెల్దు. నీకు తెలుసు. నువ్వు చదువుకున్నదానివి. అయినా నువ్వు నాకు చెప్పొద్దు."

నేను చెప్పలేదు. చెప్పడం ఎట్లాగో ట్రైనింగ్‌లో నేర్పించినారు. చెప్పకుండా ఊరుకోవల్సింది ఎప్పుడో నాకు నేర్పించింది నంజమ్మవ్వ.